మా చెల్లెలి సగం వచనం

పిల్లల్ని నా దగ్గర ఉంచొచ్చా అని మా చెల్లెలు నన్ను అడగలేదు. చెప్పింది. అది కూడా ముందు చర్చిలో సంఘం ఎదుట సాక్ష్యం చెప్పి, ఆ తర్వాత నాకు చెప్పింది. "దేవుడు నాకు ఇజ్రాయెల్‌లో పని చూపించాడు, పిల్లల్ని మా అక్క చూసుకుంటుంది" అని ఆ ఆదివారం మైకులో అంటుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు.

దాని భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆ జీతంతో ఇద్దరు పిల్లల చదువు సాగదని నాకూ తెలుసు. కానీ అడిగితే నేను కాదంటానా? అడగాలి కదా. నేను పెళ్ళి చేసుకోలేదు గనక నా ఇంట్లో చోటు, నా సాయంత్రాలు అందరివీ అని మా వాళ్ళ ఉద్దేశం. నేనుండేది కంకిపాడులో, మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. విజయవాడలో జూనియర్ కాలేజీ ఆఫీసులో గుమస్తా పని. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆ రెండు గదుల్లోకి రెండు సంచులు, ఒక బైబిలు, పదకొండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు వచ్చి చేరారు.

వెళ్ళేముందు చెల్లెలు పెట్టిన షరతు ఒక్కటే, సాయంత్రం ప్రార్థన ఆగకూడదు. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అధ్యాయం మొత్తం ఒకరే చదవరు. గుండ్రంగా కూర్చుని తలా ఒక వచనం చదవాలి. ఎవరి వంతు వాళ్ళదే, ఒకరి వచనం ఇంకొకరు చదవకూడదు. జ్వరంతో పడుకున్న వాళ్ళ దగ్గరికి కూడా బైబిలు తీసుకెళ్ళి చదివించేవాడు నాన్న. చెల్లెలు అక్కడి నుంచి కూడా తన వంతు మానలేదు. సరిగ్గా ఎనిమిదికి వీడియో కాల్ చేసేది. ఫోన్ను బిస్కెట్ల డబ్బాకు ఆనించి పెట్టేవాళ్ళం. ముందు నేను, తర్వాత పాప, తర్వాత డబ్బా మీది మా చెల్లెలు, చివర బాబు.

అక్కడ అది చూసుకునేది తొంభై దాటిన ముసలావిడను. చక్రాల కుర్చీలో ఉండేది. పిల్లలు ఆవిడను అవ్వ అనేవాళ్ళు. ప్రార్థన అయ్యేదాకా ఆవిడ కూడా ఫోన్లోకి తొంగిచూసేది. మా సంఘంలో అందరికీ ఒకటే అసూయ, పరిశుద్ధ దేశంలో ఉందని. సంఘం సెక్రటరీగారి భార్య ఒలీవ నూనె అడిగింది. వచ్చేపోయే వాళ్ళతో చెల్లెలు పంపింది. సీసా చిన్నదని ఆవిడ నాతో అంది. తెచ్చింది నేనైనట్టు.

తర్వాత యుద్ధం మొదలైంది.

మొదట్లో సైరన్ మోగితే చెల్లెలు "ఉండండి" అని ఫోన్ను జేబులో వేసుకునేది. మాకు చీకటి, గుడ్డల రాపిడి, ఊపిరి వినపడేవి. వాళ్ళది నాలుగో అంతస్తు. షెల్టర్ కింద ఉంది. సైరన్ మోగాక లిఫ్టు ఎక్కకూడదట. అవ్వ మెట్లు దిగలేదు. అందుకని కుర్చీని మెట్ల దగ్గర గోడల మధ్యకు తోసుకొచ్చి, ఆవిడ తలకు తన ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడేదట. ఇది మాకు చెప్పాలనుకోలేదు. బాబు కూపీ లాగాడు.

"నువ్వొక్కదానివే కిందికి పరిగెత్తొచ్చు కదమ్మా?"

"అవ్వ ఎవరితో ఉంటుందిరా?"

"సరే, అవ్వకి కూడా ప్రార్థన చేస్తాలే."

పిల్లలు పడుకున్నాక నేను ఫోన్ తీసుకుని గట్టిగానే అన్నాను. "నీకు జీతమిచ్చేది ఆవిడకు స్నానం చేయించడానికి. ప్రాణం ఇవ్వడానికి కాదు."

"నా పిల్లల్ని వదిలేసి నువ్వు పరిగెత్తుతావా అక్కా?"

అదీ ఇదీ ఒకటి కాదన్నాను. ఎలా కాదో చెప్పమంది. ఆ మాట దానికి గుర్తుందో లేదో, నాకుంది.

సంఘంలో ఆ రోజుల్లో పాస్టరు అయ్యగారు వరసగా చివరి దినాల గురించి ప్రసంగించారు. గోడకు పటం వేలాడదీసి, బాణం గుర్తులు గీసి, ఏ దేశం ఏ దేశం మీదికి వస్తుందో కర్రతో చూపించారు. జనం ఉత్సాహంగా నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆయన కర్ర ఆనించిన చోట మా చెల్లెలు ఉంది. ఆ సంగతి ఆ మందిరంలో నాకూ, నా పక్కన కూర్చున్న ఇద్దరికీ తప్ప ఎవరికీ తోచినట్టు లేదు. ఆరాధన అయ్యాక బాబు తిన్నగా అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యగారూ, అటువైపు కూడా అమ్మలుంటారు కదండీ? వాళ్ళకి కూడా ప్రార్థన చెయ్యొచ్చా?"

అయ్యగారు వాడి తల మీద చెయ్యి వేశారు. పక్కనే ఉన్న సెక్రటరీగారి భార్య నా వంక చూసి నవ్వింది. "ఇలాంటివన్నీ పెద్దమ్మ నేర్పుద్దా బాబూ?"

నేను నేర్పలేదు. నేర్పి ఉంటే బాగుండేది.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం సాయంత్రం నేను చదివాను, పాప చదివింది, చెల్లెలు మొదలుపెట్టింది. వచనం మధ్యలో "అయితే" అన్న మాట దగ్గర సైరన్ మోగింది. అది జేబులో పెట్టుకోబోయింది గానీ ఫోన్ చేతిలోంచి జారింది. ఒక్క క్షణం మాకు పైకప్పు కనపడింది, తర్వాత ఏదో పెద్ద చప్పుడు. తెర నల్లబడింది.

మళ్ళీ చేస్తుందని కూర్చున్నాం. చెయ్యలేదు. మేం చేస్తే పోలేదు. తన వంతు రాగానే చదివేసే బాబు ఆ రోజు చదవలేదు. "అమ్మది అవ్వలేదుగా" అన్నాడు. బైబిల్లో ఎర్ర రిబ్బను ఆ పేజీలోనే పెట్టి మూశాడు.

మర్నాడు చెల్లెల్ని అక్కడికి పంపిన ఏజెంటుకు ఫోన్ చేశాను. "లైన్లు కలవట్లేదు మేడమ్, కంగారు పడకండి" అన్నాడు. అక్కడి మన ఎంబసీ నంబరు ఎప్పుడు చేసినా బిజీ. పిల్లల్ని బడి మాన్పించలేదు. మాన్పిస్తే ఏదో జరిగిందని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. నేను చెప్పకముందే పాప సంచి సర్దుకుంది. సాయంత్రం ఎనిమిదికి ఫోన్ను డబ్బాకు ఆనించారు. నన్ను చదవమన్నారు, పాప చదివింది, ఆపైన ఆగారు. పది నిమిషాలు నల్లటి తెర వంక చూసి, మోకరించి, చేసుకోవలసిన ప్రార్థన చేసుకుని లేచారు. మంగళవారం కూడా అంతే, మళ్ళీ అవే రెండు వచనాలు.

"ఇలాగైతే అధ్యాయం ఎప్పటికవుతుందే?" అన్నాను. భయమేస్తే నాకు కోపం వస్తుంది. "పోనీ ఆ మిగిలింది నేను చదివేస్తాను."

"అది అమ్మ వచనం పెద్దమ్మా" అంది పాప, గొంతు పెంచకుండా.

బుధవారం పొద్దున, పిల్లలు స్నానాల్లో ఉండగా, ఆల్బమ్‌లోంచి చెల్లెలి ఫొటో ఒకటి తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఎందుకు తీశానో నాకు తెలుసు. కాలేజీ ఎదురుగా స్టూడియో ఉంది, పెద్దది చేసి ఇస్తారు. ఆ రోజు స్టూడియో ముందు దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళలేక వచ్చేశాను.

సాయంత్రం ఏడున్నరకు మెట్ల మీద చాలా చెప్పుల చప్పుడైంది. తలుపు తీస్తే సెక్రటరీగారి భార్య, ఆవిడ వెనక ఆరేడుగురు ఆడవాళ్ళు, అందరూ తెల్లచీరల్లో. చివర అయ్యగారు. కింది ఇంటివాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొస్తున్నారు. తర్వాత తెలిసింది, మన వైపు మనిషెవరో అక్కడ పోయారని ఏదో గ్రూపులో వస్తే, పేరు కూడా లేని ఆ వార్త చూసి సెక్రటరీగారి భార్య మా ఇంట్లో ఆదరణ కూడిక అని సంఘం గ్రూపులో పెట్టేసింది. ఆదరణ కూడిక పెట్టేది మనిషి పోయిన ఇంట్లో. గ్రూపులో నేను లేను. మైకు గరగరమంటోందని మూడుసార్లు ఫిర్యాదు చేశానని కిందటేడు తీసేశారు. నన్ను ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు.

"ధైర్యంగా ఉండాలమ్మా" అని ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "ఫొటో ఏదన్నా ఉందా? ముందు పెట్టుకుందాం."

బ్యాగు కుర్చీకి వేలాడుతోంది. "లేదు" అన్నాను.

అప్పుడు వాళ్ళను పొమ్మని చెప్పవలసింది. ప్రతి చిన్నదానికీ నోరు చేసుకునేదాన్ని, ఆ రోజు నాకు నోరు రాలేదు. తెల్లచీరలు చూడగానే నిజమే అనిపించింది. వాళ్ళు చాపల మీద కూర్చుని పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం కాకముందే పాప లోపలి గదిలోంచి వచ్చి మధ్యలో నిలబడింది.

"అయ్యగారూ, ఈ పాట వద్దండి."

పాట ముక్కలు ముక్కలుగా ఆగింది.

"ఎందుకమ్మా?"

"ఇది చనిపోయినోళ్ళ ఇంట్లో పాడేదండి."

"దానికేం తెలుసండీ పాపం, చిన్నపిల్ల" అంది సెక్రటరీగారి భార్య.

"తెలుసండి. మా నాన్నప్పుడు మీరే పాడారు."

గౌను అంచు గుప్పిట్లో పట్టుకుంది. కానీ కదల్లేదు. అయ్యగారు పాట వద్దని సైగ చేసి, "సరే, వాక్యం చదువుకుందాం" అంటూ బల్ల మీది మా బైబిలు అందుకున్నారు. రిబ్బను ఉన్న చోట తెరుచుకుంది. "ఇక్కడిదాకా వచ్చారా? ఇక్కడి నుంచే..."

బాబు వచ్చి పేజీ మీద అరచెయ్యి పెట్టాడు.

"అది అమ్మ వంతండి. సగం చదివింది."

"మిగతా సగం నేను చదవనా నాన్నా?"

"మీ వంతు కాదు కదండీ."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అయ్యగారు వాడి చేతి వంక చూశారు. ఆ చెయ్యి తీయించడం ఆయనకు పెద్ద పని కాదు. "నీ వంతు ఎప్పుడు?" అని అడిగారు. "అమ్మ తర్వాత" అన్నాడు వాడు. ఆయన చేతి గడియారం చూసుకున్నారు. "మీ అమ్మ ఎన్నింటికి చేస్తుంది?"

"ఎనిమిదికండి."

"అయితే ఆగుదాం."

ఆగాం. పది పన్నెండు మందిమి బిస్కెట్ల డబ్బా వంక చూస్తూ కూర్చున్నాం. తెర ఆరిపోయినప్పుడల్లా బాబు వేలితో తట్టి వెలిగించేవాడు. ఎనిమిదయింది, ఎనిమిదింపావు అయింది. ఒకసారి ఫోన్ టింగుమంటే గదంతా ముందుకు వంగింది. గ్యాసు బండ బుకింగు మెసేజి. ఎవరో నిట్టూర్చారు. పాప మాత్రం తమ్ముడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పెదాలు కదుపుతోంది. ఎనిమిదిన్నరకు ఒక్కొక్కరే లేచారు. అయ్యగారు చివరన లేచి పాపకు వందనాలు చెప్పారు, పెద్దవాళ్ళకు చెప్పినట్టు రెండు చేతులూ జోడించి.

గుమ్మం దగ్గర సెక్రటరీగారి భార్య ఆగింది. "ఆశ ఉండాలి, కాదన్ను. కానీ పిల్లల్ని సిద్ధం చెయ్యాలి కదమ్మా."

"ఈసారి వచ్చేముందు నాకు ఫోన్ చెయ్యండి" అన్నాను. అంతకన్నా మంచి జవాబులు చాలా ఉన్నాయి, అవన్నీ మర్నాడు తోచాయి.

తలుపు వేసి వెనక్కి తిరిగితే పాప కుర్చీలు సర్దుతోంది. నా వంక చూడకుండానే అంది. "పెద్దమ్మా, ఆ ఫొటో మళ్ళీ ఆల్బమ్‌లో పెట్టెయ్. అక్కడ ఖాళీగా ఉంది."

నాతో ఎవరు ఎప్పుడు ఏమన్నారో నేను మర్చిపోను. కానీ పాప ఆ మాట నిందగా కూడా అనలేదు. ఫొటో తీసుకెళ్ళి దాని చోట పెట్టాను. ఇద్దరం ఆ సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

గురువారం కూడా రెండు వచనాలు, పది నిమిషాలు.

శుక్రవారం మధ్యాహ్నం కాలేజీలో కౌంటరు దగ్గర ఉన్నాను. టీసీల కోసం వరస కట్టారు. ఏదో విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

"అక్కా."

ఎదుట నిలబడ్డ పిల్లవాడు ఏదో అడుగుతున్నాడు. నాకు వినపడలేదు. పక్క భవనం మీద పడిందట. అద్దాలు పగిలి, కుర్చీ ఒరిగి, అవ్వ చెయ్యి విరిగింది. మా చెల్లెలి భుజానికి కుట్లు పడ్డాయి. ఫోన్ మెట్ల సందులోంచి అడుగుకు పడి ముక్కలైంది. ఆసుపత్రిలో అవ్వ పక్కనే ఉంది. నంబరు నోటికి రాదు. చివరికి అవ్వ కొడుకు ఫోన్లోంచి ఏజెంటును పట్టుకుని, ఫారంలో ఉన్న నా నంబరు తీసుకుంది. ఎప్పుడు తీసుకుందని అడిగితే నిన్న పొద్దున్నే అంది. మధ్యలో అవ్వకు ఆపరేషనట. అంటే ఆ ఏజెంటుకు ఒక రోజు ముందే తెలుసు, ఇది బతికే ఉందని. నాకు చెప్పాలని తోచలేదు. ఆ మనిషిని నేను క్షమించలేదు, క్షమించమని అయ్యగారు చెప్పినా.

"పిల్లలు బాగా ఏడుస్తున్నారా?" అంది.

"ఏడవట్లేదు. నీ వచనం దగ్గర ఆగారు. ఆరు రోజులుగా ముందుకి పోనివ్వట్లేదు నన్ను."

అప్పుడు అది ఏడ్చింది.

ఆ సాయంత్రం ఎనిమిదికి డబ్బా మీద దాని ముఖం, మెడ దాకా కట్టు. బాబు ఫోన్ను రెండు చేతులతో పట్టుకుని ఆ కట్టు వంక చూశాడు. తర్వాత డబ్బాకు ఆనించి బైబిలు తెరిచాడు. నేను చదివాను, పాప చదివింది. చెల్లెలు తన వచనం మొదటి నుంచి ఎత్తుకుంది.

"మొదటి నుంచి కాదమ్మా. 'అయితే' తర్వాత నుంచి."

అది గొంతు సవరించుకుని మిగతా సగం చదివింది. దాని మాట పూర్తికాకముందే బాబు తన వచనం అందుకున్నాడు. పుస్తకం వంక చూడనే లేదు. ఆరు రోజులు ఎదురుచూసి కంఠతా వచ్చేసింది వాడికి.

తర్వాతి ఆదివారం సెక్రటరీగారి భార్య మైకులో సాక్ష్యం చెప్పింది, తాను ఉపవాసం ఉండి కన్నీటితో అడిగితే దేవుడు ఆ తల్లిని బతికించాడని. నేను లేవబోతే పాప నా చీర కొంగు పట్టుకుంది. కూర్చున్నాను. బయటికొచ్చాక అయ్యగారిని నన్ను గ్రూపులో చేర్చమని అడిగాను. చేర్చారు.

చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. అవ్వ చెయ్యి అతుక్కుంది. సైరన్లు కొన్నాళ్ళు ఆగుతాయి, మళ్ళీ మొదలవుతాయి. ఈ మధ్య దాని వంతు వచ్చేసరికి గబగబా ఒక్క ఊపిరిలో చదివేస్తోంది, మధ్యలో ఏది మోగుతుందోనని. మొన్న బాబు దాన్ని ఆపాడు.

"నిదానంగా చదువమ్మా. సగంలో ఆగినా ఏం కాదు. మేం ఉంటాంగా ఇక్కడే."