మా ఇంట్లో ముడులు విప్పింది ఎవరు

దయ్యాలంటే నాకు నవ్వు. పదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పక్క గదిలో శవం ఉండగానే డబ్బా విప్పుకుని అన్నం తిన్న రోజులున్నాయి. మా నాన్న కల్లూరు చర్చిలో సంఘపెద్ద. తాయెత్తులూ మంత్రాలూ మా ఇంటి గడప తొక్కలేదు. ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు బీపీ చూసే రకం నేను. కాబట్టి కింద రాసింది చదివి నన్ను అనుమానించడానికి తొందరపడకండి. ఆ రెండు నెలల్లో నేను అనుమానించని మనిషి లేడు.

నేను పనిచేసేది ములకలపల్లి వైపు, అడవి అంచున ఉన్న చిన్న సర్కారు దవాఖానాలో. ఊరి పేరు రాయను. కాన్పులు చేయించడం నా ఉద్యోగం. అలాంటి నాకే కాన్పంటే చచ్చేంత భయం. నవ్వితే నవ్వండి. పెళ్లయిన ఆరేళ్ల దాకా పిల్లలు వద్దని ఏదో ఒక సాకు చెప్పి దాటేస్తూ వచ్చాను.

ఆ భయం ఎక్కడ ముదిరిందో నాకు బాగా తెలుసు. నా కడుపు పండడానికి రెండేళ్ల ముందు కవిత అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. వెంట వాళ్ల అత్త కన్నమ్మ ఉంది. కన్నమ్మ చుట్టుపక్కల గూడేలకు మంత్రసాని. ఇళ్లలో కాన్పులు చేయొద్దని నేనే ఆమెను ఎన్నోసార్లు కసిరాను. నా మాట విని, కోడలిని దవాఖానాకు తీసుకొచ్చింది.

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. నొప్పులు మొదలైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదు. జడ విప్పుతారు. కొంగు ముడి, మొలతాడు, గింజల మూటలు, ఆఖరికి మేకల మెడలో పలుపులు కూడా విప్పేస్తారు. కన్నమ్మ లేబర్ రూమ్‌లోకి వచ్చి కవిత జడ విప్పబోయింది. తలుపు తెరకు కట్టిన తాడు కూడా విప్పమంది. నా నోరు మంచిది కాదు. "ఇది దవాఖానా, మీ గుడిసె కాదు. బయటికి నడువ్" అన్నాను. ఆమె పట్టుకున్న జడ వదిలేసి వెళ్లింది.

బిడ్డ చనిపోయి పుట్టాడు. బొడ్డుతాడు మధ్యలో గట్టిగా బిగిసిన ముడి ఉంది. అలాంటిది పుస్తకంలో చదవడమే గానీ చూడడం అదే మొదటిసారి. ముందే కనిపెట్టడం కష్టమని, నా తప్పేం లేదని డాక్టరుగారు అన్నారు. ట్రేలో ఉన్న ఆ తాడును కన్నమ్మ చూసింది. "ముడి ఉన్నది. ఇప్పుకుంటమంటిమి గదమ్మా" అంది. అరవలేదు, తిట్టలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాత నాకు నెల తప్పింది. సంతోషం రాలేదు, గుండెల్లో రాయి పడింది. నొప్పులదాకా రానివ్వకుండా ఆపరేషన్ చేయించుకోవాలని ఖమ్మంలో డాక్టరమ్మతో మాట్లాడి తేదీ పెట్టించుకున్నాను. ఈ సంగతి మా ఆయన ప్రభాకర్‌కి ఒక్కడికే చెప్పాను. ఆయనది సారపాక పేపర్ మిల్లులో కాంట్రాక్టు ఉద్యోగం. అక్కడే గదిలో ఉండి ఆదివారం ఇంటికి వస్తాడు. "నర్సమ్మవు నువ్వే గిట్ల భయపడితే మిగతావాళ్లకు ఎవరు ధైర్యం చెప్తరు?" అని ఆటపట్టించేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఎనిమిదో నెలలో మొదలైంది. పెరట్లో బట్టల తాడు ఊడి, ఉతికిన చీరలన్నీ బురదలో పడ్డాయి. గాలికి అనుకున్నాను. రెండు రోజులకు బియ్యం సంచి మూతికి కట్టిన సుతిలి కింద పడి ఉంది. ఎలుకలు కొరికాయేమోనని చూశాను. కొరికిన గుర్తే లేదు, శుభ్రంగా విప్పి ఉంది. ఇంకో రోజు మధ్యాహ్నం పడుకుని ఉంటే దోమతెర మొత్తం మీద పడింది. నాలుగు మూలల ముడులూ ఒకేసారి ఊడిపోయాయి.

అప్పుడు నాకు గాలి మీద నమ్మకం పోయింది, మనుషుల మీద అనుమానం మొదలైంది. ఇంటికి రెండు తాళంచెవులు. ఒకటి ప్రభాకర్ దగ్గర ఉంటుంది. ఆపరేషన్ మానుకోవాలని నన్ను బెదిరిస్తున్నాడేమో అనుకున్నాను. మిల్లుకు ఫోన్ చేసి డ్యూటీలో ఉన్నాడో లేదో కనుక్కున్నాను. ఉన్నాడు. అయినా ఆదివారం వచ్చాక ఆయన తాళంచెవి లాక్కున్నాను. "దొంగ ఇంట్లకొస్తే ముడులిప్పి పోతడానే?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు.

అదే ఆదివారం పరీక్ష పెట్టాను. కట్లు కట్టే గాజుగుడ్డ పట్టీని ట్రైనింగ్‌లో నేర్పినట్టు రెండు ముడులు వేసి, నీళ్లలో తడిపి, పళ్లతో పట్టి బిగించాను. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. ఇద్దరం చర్చికి వెళ్లి వచ్చాం. బీరువా తెరిస్తే పట్టీ నిలువునా పరిచి ఉంది. ముడి పడిన చోట నలిగిన గుర్తు మాత్రం అలాగే ఉంది. ప్రభాకర్ కూడా చూశాడు. ఆ రోజు ఇద్దరికీ అన్నం సయించలేదు.

ఇక నాకు మిగిలింది కన్నమ్మ. ముడుల సంగతి తెలిసింది ఆమెకే, నా మీద కక్ష ఉండాల్సింది కూడా ఆమెకే. మర్నాడే ఆటో మాట్లాడుకుని గూడేనికి వెళ్లాను. గడపలోంచే నోటికొచ్చినట్టు అరిచాను. నా బిడ్డ మీద పగ తీర్చుకుంటున్నావా అని కూడా అన్నాను. తర్వాత కళ్లు చీకటికి అలవాటుపడి మంచం కనబడింది.

కన్నమ్మకు పక్షవాతం వచ్చి మూడు నెలలైందట. కుడిచెయ్యి కొంకర్లు పోయి గుండెల మీద ముడుచుకుని ఉంది. పక్కన కూర్చుని కవిత జావ తాగిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నేనెట్ల వస్త సిస్టరమ్మా, ఈ మంచమే దిగుతలేను" అంది కన్నమ్మ. మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఏమేం ఊడాయో అడిగింది. చెప్పాను. ఆమె నా కడుపు వైపు చూసింది. "ఇంకేదో ఉన్నట్టున్నది. దాని కోసమే దేవులాడుతున్నరు" అంది.

ఎవరు వెతుకుతున్నారని అడిగితే మొహం గోడవైపు తిప్పుకుంది. బెదిరిస్తోందనే అనుకున్నాను. వద్దన్నా కవిత నన్ను ఆటో దాకా దిగబెట్టింది.

ఆపరేషన్ తేదీకి ఇంకా పది రోజులున్నాయి. అప్పటికి మా అమ్మ కల్లూరు నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. పొద్దున టీ పెడుతుండగా ఉమ్మనీరు పోయింది. అంబులెన్స్ ఎక్కాం. వానకు వాగు రోడ్డు మీదికి వచ్చింది, బండి దాటే దారి లేదు. వెనక్కి తిప్పారు. దగ్గర్లో ఉన్నది మా దవాఖానానే. అదే గది, అదే బల్ల. "నన్ను ఇక్కడ పడుకోబెట్టకండి" అని ఏడ్చాను. సిగ్గు లేదు, అందరూ చూస్తుండగానే ఏడ్చాను.

నాతో పనిచేసే విజయ సిస్టర్ డ్యూటీలో ఉంది. నా కడుపు మీద మిషన్ పెట్టి బిడ్డ గుండె వినిపించింది. మొదట బాగానే ఉంది. కాసేపటికి నొప్పి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు నెమ్మదించడం మొదలైంది. ఆగి ఆగి కొట్టుకుంటోంది. విజయ ఏమీ చెప్పకుండా ఆక్సిజన్ పెట్టి, నన్ను ఎడమవైపు తిప్పింది. నాకు చెప్పక్కర్లేదు కదా. ఆ మౌనం నేను ఎంతమంది దగ్గర పాటించానో నాకు తెలుసు.

"అమ్మా, నా జడ విప్పు" అన్నాను.

మా అమ్మ బైబిలు పట్టుకుని ప్రార్థన చేస్తోంది. "ఏంది బిడ్డా?" అంది. "జడ విప్పు, నీ కొంగు ముడి విప్పు, ఆ తెర తాళ్లు విప్పు, జల్దీ" అని అరిచాను. పాపం, ఏమీ అడగకుండా అన్నీ విప్పింది. విజయ కూడా తన మాస్కు తాళ్లు విప్పి కొత్తది పెట్టుకుంది. చెవులకు తగిలించుకునేది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గదిలో నేను కన్నమ్మను అన్న మాట అప్పుడు నాకే వినబడింది.

గుండె చప్పుడు మళ్లీ పుంజుకుంది. అరగంటలో పాప పుట్టింది. గొంతు చించుకుని ఏడ్చింది.

తాడు కత్తిరించాక విజయ ట్రే నా దగ్గరికి తెచ్చింది. "ఇదేంది, ఒకసారి నువ్వే చూడు" అంది. తాడు మధ్యలో ఒకచోట లోతుగా నొక్కుకుపోయి, సన్నబడి, మెలితిరిగి ఉంది. ముడి బిగిసి ఉంటే పడే గుర్తది. ముడి మాత్రం లేదు. బీరువాలో గాజుగుడ్డ ఎలా ఉందో అలాగే ఉంది.

ఏదో ఒత్తిడికి పడిన నొక్కు అయి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. అయి ఉండొచ్చు. కానీ బొడ్డుతాడుకు ముడి పడితే, అది ఊడాలంటే బిడ్డ మళ్లీ ఆ ఉచ్చులోంచి వెనక్కి దూరాలి. నిండు నెలల్లో బిడ్డకు ఒత్తిగిలడానికే చోటుండదు. గుండె పుంజుకోవడం నన్ను పక్కకు తిప్పినందుకేనంటే ఒప్పుకుంటాను. ఆ నొక్కు దగ్గరే నా చదువు ఆగిపోతుంది.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఒక్క ముడి కూడా దానంతటది ఊడలేదు. బట్టల తాడు నేను కట్టినట్టే ఉంది.

మూడో నెలలో పాపను ఎత్తుకుని గూడేనికి వెళ్లాను. కన్నమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, తాడు మీది నొక్కు సంగతంతా చెప్పి, తప్పు చేశానన్నాను. ఎడమచేత్తో పాప తల నిమిరింది. "ఎవరు అవ్వా వాళ్లు?" అని అడిగాను. "నాకేం ఎరుక? ఎవలైతేంది బిడ్డా, ఇప్పిన్రు గదా" అంది. నవ్వింది కూడా.

ఈసారి కూడా కవిత నన్ను ఆటో దాకా దిగబెట్టింది. పాపను అడిగి ఎత్తుకుంది. చాలాసేపు ఇవ్వలేదు. ఇచ్చేటప్పుడు నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"సిస్టరమ్మా, ఆ రోజు మా అత్తను ఇప్పనిస్తే, నా పిలగాడు కూడా బతికేటోడా?"

లేదు అంటే, నా కళ్లతో చూసింది అబద్ధమవుతుంది. అవును అంటే, ఆ బిడ్డను నేనే చంపినట్టవుతుంది. ఆటో ఎక్కి కూర్చున్నాను. ఇప్పుడు మా లేబర్ రూమ్‌లో ఎవరు జడ విప్పుకున్నా ఏమీ అనను, తెర తాళ్లు నేనే విప్పుతాను. కవిత అడిగినదానికి మాత్రం ఇంతవరకూ జవాబు చెప్పలేదు.