కాలమ్ పేరు

పలాసలో నాతో పనిచేసిన అక్కది పూండి. ఉద్దానం రోగుల రక్తకణాలను యంత్రం కొలిచి ఇచ్చిన పట్టికలోంచి, అడిగిన కాలమ్ ఒక్కటే ప్రోగ్రామ్‌తో బయటికి తీయడం మా పని. అలా ఒక్కటే తీస్తే దాని పేరు రాలిపోయి, దేని కొలతలో తెలియని వట్టి అంకెలు మిగిలేవి. అక్క ప్రతిసారీ కమాండ్‌లో ఇంకో మాట చేర్చి పేరు నిలిపేది.

కిడ్నీలు పోయి భర్త చనిపోయాక, ఊళ్లో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. 'సచ్చినోడి పెళ్లం' అనేవారు.

"ఒక్క కాలమే కదమ్మా, పేరెందుకు? నా రైలుబండికి టైమైంది" అన్నారు ఒకరోజు పెద్దసారు.

"ఒంటరైపోతే పేరు తీసేత్తారేటి సారూ? బండి పోతే పోనీండి" అంది అక్క, తల తిప్పకుండా.

సారు కూర్చున్నారు.

కిందటేడు అదే జబ్బుతో అక్కా పోయింది. నిన్న కొత్త సారు ఫోన్ చేసి, వట్టి అంకెలు చాలన్నారు.

పేరుతోనే పంపాను.