నేను నొక్కని మెసేజ్

నాలుగేళ్లుగా నా గుండె మీద ఒక రోడ్డు రోలర్ ఆగి ఉంది. చీమను చూసి ఏనుగని చెప్పే మనిషిని గనుక ఈ మాటను మీరు సగానికి తగ్గించుకుంటారు. ఈసారి తగ్గించకండి.

మా ఇబ్రహీంపట్నంలో స్వప్న అనే ఇంజినీరమ్మాయి ‘మనూరి ముచ్చట’ అని మెసేజ్‌ల యాప్ ఒకటి తయారుచేసింది. బర్రె తప్పిపోయినా, నల్లా రాకపోయినా అందులో పెడితే ఊరందరికీ తెలిసేది. మూడు నెలల్లో జనం ఎగబడ్డారు. గుడ్ మార్నింగ్ పూలు, ప్లాట్ల ప్రకటనలు పోటెత్తి యాప్ గంటలకొద్దీ మొరాయించేది. అందుకని స్వప్న ఒక పద్ధతి పెట్టింది. వాడకొక పెద్దమనిషి, అతను చదివి ‘సరే’ నొక్కితేనే మెసేజ్ అందరికీ పోతుంది. మా వాడకు నన్ను పెట్టింది. నా జోకులంటే ఊరంతటికీ ఇష్టం మరి. ప్రపంచమంతటికీ అని రాయబోయి ఆగాను.

ఎండాకాలం, ఒక ఉదయం. బస్టాండు ఫ్యాను మీద నేను రాసిన జోకు అన్నిటికంటే పైన ఉంది. నవ్వు బొమ్మలు వడగళ్లలా రాలుతున్నాయి. పదకొండింటికి పక్క సందులోని సుజాత మెసేజ్ వచ్చింది. ఆమె మామ, టైలర్ యెల్లయ్య, మతిమరుపు మనిషి, ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఫొటో కూడా పెట్టింది. చదివాను. దానికి ‘సరే’ నొక్కితే నా జోకు కిందికి జారుతుంది. ఇంకో పది నవ్వులు రానీ అనుకున్నాను. యెల్లయ్య ఎక్కడికి పోతాడు, చాయ్ హోటల్‌కే కదా అనుకున్నాను. నిజంగా అప్పుడే అనుకున్నానా, లేక తర్వాత నన్ను నేను కాపాడుకోవడానికి అల్లుకున్నానా? అన్నం తిన్నాను. పడుకున్నాను.

సాయంత్రం యెల్లయ్య సాగర్ రోడ్డు పక్కన వడదెబ్బకు పడిపోయి దొరికాడు. మూడోరోజు దవాఖానలో పోయాడు. ఆ మధ్యాహ్నం బస్టాండులో అతన్ని చూసినవాళ్లు ఆరుగురు. ఒకతను చాయ్ తాగించి మరీ పంపాడు. ఆ ఆరుగురి ఫోన్లలోనూ నా జోకు ఉంది.

స్వప్న మా ఇంటికి వచ్చింది.

“అన్నా, సుజాతక్క మెసేజ్ నీ దాకా వచ్చిందా?”

“రాలే చెల్లె. నీ యాప్ మళ్ల ఆగినట్టుంది.”

“నేను గూడ గదే అనుకున్న,” అంది, నేల చూస్తూ.

ఎవరు ఏది చదివారో తెలుసుకునే ఏర్పాటు యాప్‌లో ఇంకా లేదు. అప్పటికి వారం నుంచి అది మళ్లీ మొరాయిస్తున్నందువల్ల నా అబద్ధానికి సాక్షి కూడా అవసరం లేకపోయింది. స్వప్న వెళ్లి సుజాత కాళ్లు పట్టుకుంది. సుజాత సందులో అందరి ముందు ఆమెను తిట్టింది. నేను అక్కడే నిలబడి ఇద్దరినీ ఓదార్చాను. అవును, ఓదార్చాను. వారంలో స్వప్న యాప్ మూసేసింది. ఇప్పుడు ఆదిభట్లలో ఎవరి దగ్గరో ఉద్యోగం చేస్తోంది. కనిపిస్తే జోకులు రాస్తలేవేందన్నా అని అడుగుతుంది.

ఏం చెప్పను? దేన్నైనా పెంచి చెప్పగల నాకు, ఇది ఉన్నదున్నట్టు చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. అదీ పేరు లేకుండా, ముఖం తెలియని మీకు. ఇది ఒప్పుకోవడమా, ఇంకోరకంగా దాక్కోవడమా? తెలియదు. క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు.

మెసేజ్ వచ్చింది. చదివాను. నొక్కలేదు.