ఆషాఢంలో ఆగిన ఆహ్వానపత్రం

విఘ్నాలు బాపే గణనాథునికి మ్రొక్కి, ప్లవనామ సంవత్సర ఆషాఢ శుద్ధ తదియనాడు నేను చేసిన పొరపాటును వ్రాస్తున్నాను.

మా ఆబిడ్స్ ఫుట్‌బాల్ క్లబ్బు కీర్తి అప్పటికి రంగూను దాకా పాకింది. అక్కడి మేటి గోల్‌కీపరు మా జట్టులో చేరడానికి సమ్మతించాడు. అతడు వస్తేనే తాము కలకత్తా క్లబ్బులకు పోకుండా ఉంటామని మా ఆటగాళ్లన్నారు. కార్యదర్శినైన నేను ఆహ్వానపత్రం పంపడమే తరువాయి. శూన్యమాసంలో శుభకార్యం తగదని దానిని పంచాంగంలో దాచాను.

నాంపల్లి స్టేషను ముందు మా కెప్టెన్ నిలదీశాడు. "పంతులు సాబ్, ఆటగానికి ఆషాఢమేంది? పెండ్లి చేస్తున్నమా? గాడ కలకత్తోళ్లు కాసుకొని కూసున్నరు. జర జల్ది పోస్టు డబ్బాల వెయ్యుండ్రి!"

శ్రావణ శుద్ధ పాడ్యమినాడు వేశాను. కలకత్తా క్లబ్బుకు మాట ఇచ్చేశానని గోల్‌కీపరు జవాబు వచ్చింది. మా ఆటగాళ్లు ఒక్కొక్కరే అదే దారి పట్టారు. వద్దనడానికి నాకు ముఖం చెల్లలేదు.

రెండేళ్లకు, 1963లో, క్లబ్బును మూసివేశాము.