నవ్వించి పొమ్మన్న మా తెలుగు మేడం

మా తెలుగు మేడం పోయారు. తిరుపతిలో నేను పనిచేసే ఆసుపత్రిలో పొద్దున డ్యూటీ ఎక్కి చేతులు కడుక్కుంటూ ఉండగా ఊరి నుంచి ఫోను వచ్చింది. నాతో పదో తరగతి దాకా చదివిన స్నేహితురాలు. "మేడం లేరు మే. నిద్దర్లోనే పోయినారంట. నువ్వు బిరీన రా, మజ్జానం లోపలే పాకాలకి ఎత్తకపోతారంట" అంది. నర్సును కాబట్టి చావు కబురు చెప్పడం నా పనిలో భాగం. ఎలా చెప్పాలో మాకు నేర్పించారు కూడా. ఎలా వినాలో ఎవరూ నేర్పలేదు. కొళాయి కట్టేయడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. పక్కనున్న అమ్మాయి వచ్చి కట్టేసింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఏ సన్మానమూ పొందినవారు కాదు. పేరు చెప్పినా ప్రయోజనం లేదు, మేమే ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. తెలుగు మేడం, అంతే. అయినా ఆమె గురించి నలుగురికీ చెప్పాలనిపిస్తోంది.

నగరి పక్కన మాది మరమగ్గాల ఊరు. ఏ వీధిలో నిలబడినా లూముల చప్పుడే. మేడంది పాకాల వైపు సేద్యం చేసుకునే కుటుంబం, మా బడికి బదిలీ మీద వచ్చారు. మొదటిరోజు పాఠం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "ఈ చప్పుడు ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగారట. "కరెంటు పోతే ఆగతాది మేడం" అన్నారట పిల్లలు. అప్పటి నుంచి కరెంటు పోయిందంటే చాలు, చెప్తున్న పాఠం పక్కన పెట్టి పద్యం ఎత్తుకునేవారు. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమై, ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు మాత్రం వినబడేది. కరెంటు కోత కోసం సంతోషంగా ఎదురుచూసిన పిల్లలం బహుశా మేమే.

మేడం నవ్వే మనిషి కాదు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన నూలు చీరలో గోడకు ఆనుకోకుండా నిలబడేవారు. "బాగుంది" అనే మాట ఆమె నోట నేను వినలేదు. ఎంత బాగా చదివినా "పరవాలేదు. ఇంకోసారి చదువు" అనేవారు. అలాంటి మనిషి మా బడిలో ఒక నవ్వుల పండగ పెట్టారంటే కొత్తవాళ్లు నమ్మేవారు కాదు.

పదో తరగతి వాళ్ల వీడుకోలు సభ అంటే మిక్చరు పొట్లాలు, పెద్దల నీతులు, చివర్లో ఏడుపులు. అది మేడంకు నచ్చలేదు. "ఏడ్చేదానికి మీకు ముందుముందు బోలెడు సందర్భాలు వస్తాయి. ఇక్కడి నుంచి పోయేటప్పుడు నవ్వించి పోండి" అన్నారు. పోయేవాళ్లు ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి, బడిలో తమకున్న ఆస్తిని తొమ్మిదో తరగతి వాళ్లకు నోటిమాటగా రాసివ్వాలి. దానికి ఆమె పెట్టిన పేరు వీలునామా సభ. రెండే నియమాలు. నీకు ఉన్నదే ఇవ్వాలి. "లేనిది ఇస్తామనడం ఎన్నికల్లో చేసే పని" అనేవారు. రెండోది, తీసుకున్నవాడు కూడా నవ్వాలి. ఎవరి రంగు మీదా, కులం మీదా, లేమి మీదా నవ్వితే మైకు కట్టేసేవారు. ఆ ఒక్కరోజు పదో తరగతి పిల్లల్ని "మీరు" అని పిలిచేవారు.

ఎన్ని ఆస్తులో! మధ్యాహ్నం భోజనంలో సాంబారు గరిటెకు పప్పు తగిలేలా పళ్లెం పట్టే ఒడుపును ఒకడు ఇచ్చాడు. లెక్కల సారు చెయ్యి లేచేలోగా తల వంచే వేగాన్ని ఇంకొకడు ఇచ్చాడు. పొట్టిగా ఉండే ఒక అక్క, ప్రార్థనలో మొదటి వరసలో నిలబడి ఎండకు మాడే హక్కును తనంత పొట్టి పిల్లకు ఇచ్చింది. సభ ముందు రోజుల్లో మేడం వాళ్లకు ఒకటే చెప్పేవారు: "ఏం ఇస్తారన్నది తరవాత. ఎవరికి ఇస్తారో చూసుకోండి. ఇవ్వాలంటే ముందు ఆ మనిషిని కన్ను తెరిచి చూసుండాలి."

నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా వీధి అబ్బాయి ఒకడు పదిలో ఉండేవాడు. తండ్రి లేడు. తల్లి ఒక షెడ్డులో మగ్గాలు నడిపేది. బడి వదలగానే వాడూ అక్కడికే పోయి నూలు కండెలు చుట్టేవాడు. లూముల మధ్య అరిచి అరిచి పెరిగిన గొంతు, గుసగుసగా మాట్లాడినా వీధి చివర వినబడేది. నేను దానికి సరిగ్గా వ్యతిరేకం. హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని తప్ప నోరు తెరిచేదాన్ని కాదు. సభలో వాడు మైకు పక్కకు నెట్టేసి, "ఇది నాకెందుకు?" అన్నాడు. అప్పుడే అందరూ నవ్వడం మొదలుపెట్టారు. చాలా ఆస్తులు పంచాక నన్ను వేలుతో చూపించాడు.

"ఆ పాప నోరు తెరిసింది ఈ బళ్లో ఎవురన్నా సూసినారా? పాపం, నోరు పుట్టలేదేమో. నాకుండే నోట్లో సగం ఆ పాపకి రాసిస్తా ఉండా. మిగిలిన సగం నాకి గావల్ల, లూముల కాడ అరిసేదానికి."

బడంతా నవ్వింది. నేనూ నవ్వాను. మేడం రెండో నియమం నెరవేరింది.

ఆ ఎండాకాలంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. షెడ్డు రేకుల్లోంచి నీళ్లు కారి నేలంతా తడిసింది. ఆగిన మగ్గాన్ని తిప్పుదామని వాడు స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. కరెంటు కొట్టింది. తల్లి రెండు మగ్గాల అవతల ఉంది. లూముల చప్పుడులో ఆమెకు ఏమీ వినబడలేదు. ఊరంతా వినబడే ఆ గొంతు ఆ క్షణాన అరిచిందో లేదో ఎవరికీ తెలియదు.

ఫలితాలు వచ్చాయి. వాడు పాసయ్యాడు.

బడి తెరిచిన రోజుల్లో వాళ్లమ్మ గేటు దగ్గరికి వచ్చింది. జుట్టు విరబోసుకుని, కొంగు నేల మీద ఈడుస్తూ, ప్రార్థన జరుగుతుండగానే అరవసాగింది. "యాడుండాదే ఆ తెలుగు టీచరు? పెండ్లి కావల్సిన బిడ్డ నోట్లో వీలునామా మాట పలికిస్తివే! సావుని పేరు పెట్టి పిలిపిస్తివే! నీ నోట్లో మన్ను పడా!" సార్లు అడ్డం పోబోయారు. మేడం వాళ్లను ఆపి, ఆమె ముందుకు పోయి నిలబడ్డారు. చేతులు కట్టుకోలేదు, తల దించుకోలేదు, ఒక్క మాట తిరిగి అనలేదు. ఎండలో ఆ తల్లి గొంతు బొంగురు పోయేదాకా అలాగే నిలబడి విన్నారు. ఆమెను ఎవరో తీసుకుపోయాక లోపలికి వచ్చి మాకు పాఠం చెప్పారు. మా లెక్కల సారు, "ఆయమ్మకి మతి లేదు మేడం, మీరేం మనసులో పెట్టుకోవద్దండి" అన్నాడు. "మతి ఉండే అంది సార్. కొడుకు పోయిన మనిషి ఎవరినో ఒకరిని అనాలి కదా. నన్ను అననీండి" అన్నారు మేడం.

వీలునామా సభ ఇక వద్దని హెడ్మాస్టరు చెప్పకముందే ఆమె మానుకున్నారు. ఆ వానాకాలం నుంచి ఇంకో అలవాటు మొదలైంది. హాజరు పిలుస్తూ, షెడ్లకు పనికి పోయే పిల్లల దగ్గర ఆగి, "మీ షెడ్డులో తడి ఉందా?" అని అడిగేవారు. "ఉండాది మేడం" అన్నారంటే సాయంత్రం ఆ షెడ్డు దగ్గరికి పోయేవారు. "పద్యాలు సెప్పుకోమ్మా. కరెంటు సంగతి మేం సూసుకుంటాం" అనేవాళ్లు షెడ్ల వాళ్లు. ఆమె వాదించేవారు కాదు. స్విచ్చుల కింద నిలబడే చోట పొడి చెక్కలు వేసేదాకా గడపలోంచి కదిలేవారు కాదు. కొందరు వేశారు. కొందరు ఆమె రావడం చూసి తలుపులు మూసుకున్నారు.

మా వీడుకోలు సభ పాత పద్ధతిలోనే జరిగింది. మిక్చరు, నీతులు. సగంలో ఉండగా వాళ్లమ్మ హాలు వెనక తలుపులోంచి లోపలికి వచ్చింది. మాట్లాడుతున్న సారు ఆపేశాడు. మళ్లీ శాపనార్థాలు మొదలవుతాయేమోనని అందరం బిగుసుకుపోయాం. ఆమె నేరుగా మేడం దగ్గరికి నడిచింది.

"మావోడు పోయినేడు ఈడ నిలబడి ఏందో సెప్పినాడంట. అందురూ నవ్వినారంట. నేను షెడ్డులో ఉంటి. నాకి మాత్రం ఎవురూ సెప్పలా. ఏం సెప్పినాడు?"

మేడం నెమ్మదిగా ఏదో అన్నారు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "గెట్టిగా సెప్పమ్మా. లూములు ఇని ఇని నా సెవులు పోయినాయి."

అప్పుడు మా మేడం, మా ఊరికి వచ్చినప్పటి నుంచి ఎవరి మీదా గొంతు పెంచని మనిషి, లేచి నిలబడి అరిచారు. తన మాటల్లో కాదు, వాడి మాటల్లో, మా వీధి యాసలో. "గోడ దూకే కాడ రాయిని ఎవురూ జరపొద్దండి, అది మా మామ కాలం నించీ ఉండాది, దాన్ని తొమ్మిదోళ్లందరికీ ఉమ్మడిగా ఇస్తా ఉండా! హెడ్మాస్టరు సెప్పుల సప్పుడు వారం ముందే ఇనే నా సెవులు, కిటికీ కాడ కూసునే నా సావాసగాడికి ఇస్తా ఉండా!" ఒక్కటీ వదలకుండా, వాడు ఆగిన చోటల్లా ఆగుతూ చెప్పారు. ఏడాదిగా ఆమె వాటిని మనసులో అలాగే మోస్తున్నారని మాకు అప్పుడు తెలిసింది.

నాకిచ్చిన ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగారు. నా వైపు చూశారు. ఆ చూపు అర్థమై లేచాను. వాళ్లమ్మ ముందుకు పోయి, "సగం నోరు నాకిచ్చినాడు" అన్నాను. "ఇనపడ్లా మే" అందామె. ఇంకోసారి చెప్పాను. "ఇంకా గెట్టిగా!" అంది. "నాకి నోరు లేదని, వాడి నోట్లో సగం నాకి రాసిచ్చినాడు పెద్దమ్మా!" అని అరిచాను. నా గొంతు హాలు గోడలకు కొట్టుకుని తిరిగి రావడం అదే మొదటిసారి విన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని నోటి వైపు చాలాసేపు చూసింది.

తరవాత మేడం వైపు తిరిగి, "నా గురించి ఏమన్నా అనినాడా?" అని అడిగింది.

మేడం రైకచేతికి కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆ గొంతు తెచ్చుకున్నారు. "మా యమ్మ తిట్లు యాడా దొరకవు. పొద్దన్నే ఒకతూరి ఇంటే దినమంతా నిద్దర రాదు. అడిగినోళ్లు సానామంది ఉండారు. అయ్యి మాత్రం ఎవురికీ ఈను. అయ్యి నాకే గావల్ల!"

ఆమె నవ్వింది. "గాడిదకొడుకు" అంది. నవ్వుతూనే నేల మీద కూలబడింది. మేడం పక్కన కూర్చున్నారు. మిక్చరు పొట్లాలు చేతుల్లో పట్టుకుని మేమంతా అలాగే నిలబడ్డాం.

ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్తే కథకు బాగుంటుంది. అంత తేలిగ్గా జరగలేదు. ఆమె మేడం ఇంటికి రావడం మొదలుపెట్టింది, వచ్చి గడపలో కూర్చుని వాడి గురించి చెప్పేది, పోయేది. ఒకరోజు నేనున్నప్పుడే, "నేను ఆ పొద్దు బడి గేటు కాడ అనిన మాట ఎనక్కి తీసుకోను" అంది. "వద్దులే. అట్లే ఉండనీ" అని అరిచి చెప్పారు మేడం. నిజంగానే ఆమె ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. మేడం ఎన్నడూ అడగలేదు.

పదవీ విరమణ అయ్యాక కూడా మేడం పాకాలకు పోలేదు. మా ఊళ్లోనే ఉండిపోయారు. కిడ్నీలు పాడై డయాలసిస్ కోసం మా ఆసుపత్రికి వచ్చేటప్పుడు పుత్తూరు మీదుగా బస్సులో ఆ తల్లే తోడు వచ్చేది. వరండాలో ముడుచుకుని కూర్చునేది. నర్సులు ఎవరు పిలిచినా వినబడేది కాదు. "నువ్వు పోయి చెప్పు, నీ గొంతయితే ఆమెకు వినబడుతుంది" అనేవారు మేడం.

ఆమె చివరిసారి వచ్చినప్పుడు మంచం పక్కన నిలబడి అడిగాను. "ఆ సభ మళ్లీ ఎందుకు పెట్టలేదు మేడం?" అని.

యంత్రం వైపు చూస్తూ చెప్పారు. "పెడదామనుకున్నాను. ప్రతి ఏడూ అనుకున్నాను. బాగా మాట్లాడే పిల్లలు చాలామందే వచ్చారు. నాకే ధైర్యం చాలలేదు. ఎవరైనా మైకు ముందుకు పోతే, వీడు ఎండాకాలం దాటుతాడా అని చూసేదాన్ని. అట్లా చూసే మనిషి నవ్వుల సభ నడపకూడదు." దుప్పటి మీదికి లాక్కుని, "వాళ్ల నవ్వు అంతా నా భయం వల్ల పోయింది" అన్నారు. నేను కాదనబోయాను. చెయ్యెత్తి ఆపారు. ఆమె ఓదార్పులు తీసుకునే మనిషి కాదు. "మందులు బాగా ఇస్తున్నావు. పరవాలేదు" అన్నారు.

నేను ఊరు చేరేసరికి మేడం ఇంటి ముందు పాత విద్యార్థులు గుంపులుగా నిలబడి ఉన్నారు. నలభై దాటినవాళ్లు, ఇంకా మీసాలు రానివాళ్లు, షెడ్ల నుంచి పంచెల మీద దూది పోగులతో అలాగే వచ్చినవాళ్లు. పాకాల నుంచి బంధువులు బండి తెచ్చారు, ఎండ పెరగకముందే బయలుదేరాలని తొందరపడుతున్నారు.

లోపల అద్దాల ఫ్రీజరు పెట్టెలో మేడంను పడుకోబెట్టారు. పెట్టెకు ఆనుకుని ఆ తల్లి కూర్చుని ఉంది. బంధువుల్లో ఒకాయన "జరుగమ్మా, బండెక్కించల్ల" అన్నాడు. ఆమెకు వినబడలేదు. బయటి వేడికి అద్దం మీద ఆవిరి పట్టి లోపలి ముఖం మసకబారుతోంది. ఆమె కొంగుతో తుడిచింది. ముఖం తేటగా కనబడింది. కాసేపటికి మళ్లీ మసకేసింది. మళ్లీ తుడిచింది. ఆయన నా వైపు తిరిగి, గట్టిగా చెప్పమన్నట్టు సైగ చేశాడు. నేను చెప్పలేదు. కొంగులో పొడిగా ఉన్న చోటు వెతుక్కుని, ఆమె మళ్లీ తుడిచింది.