అరవై దాకా లెక్కపెట్టిన మనిషి

నా మొదటి మేనేజర్ గారు పోయారని, మా ఊరికి కారులో గంట దూరంలో ఉన్న డబ్లిన్ నుంచి ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిడని అక్కా అని పిలుస్తాను. నిద్రలోనే పోయారని, బాధపడలేదని చెప్పి, "ఆయన మెషీన్‌లో బ్యాటరీ అయిపోవస్తోందమ్మా. తియ్యాలంటే నాకు భయం. నువ్వొస్తావా?" అన్నారు. ఆ భయమేమిటో నాకు తెలుసు.

ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. స్మార్ట్‌ఫోన్లు రాకముందు అరచేతిలో పట్టే కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ మాది. పుల్లలాంటి పెన్నుతో తెర మీద రాస్తే అడ్రసులు, అపాయింట్‌మెంట్లు దాచుకునేది. విమానంలో పక్క సీటాయన చేతిలో అది కనిపిస్తే మేం పొంగిపోయేవాళ్లం. రెండు చిన్న బ్యాటరీలతో నెల రోజులు నడిచేది. అయితే పాతవి తీసి కొత్తవి వేయడానికి ఒక్క నిమిషమే గడువు. అది దాటితే లోపల రాసుకున్నదంతా చెరిగిపోతుంది.

టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఆయన పెట్టే పరీక్ష అదే. తన సొంత మెషీన్ చేతికిచ్చి బ్యాటరీలు మార్చమని, తను ఒకటీ రెండూ అని పైకి లెక్కపెట్టేవారు. నా వంతు వచ్చినప్పుడు తొందరలో ఒక బ్యాటరీ జారి బల్ల కిందికి దొర్లింది. నేను మోకాళ్ల మీద వెతుకుతుండగానే అరవై అయిపోయింది. ఆయన ఏళ్లుగా రాసుకున్నదంతా పోయింది. వీసా వచ్చి నెల కూడా కాలేదు, ఇక ఇంటికేననుకున్నాను. ఆయన ఖాళీ తెర చూసి, "పోన్లే అమ్మా. మళ్లీ రాసుకునేటప్పుడే మనకెవరు కావాలో తెలుస్తుంది" అన్నారు. ఆయన రాసుకున్న మొదటి నంబరు నాది. ఆ మంచితనానికి నేను ఏనాడూ థాంక్స్ చెప్పలేదు.

మొండితనమూ తక్కువేం కాదు. మెషీన్‌లో ఫోన్ కూడా కలుపుదామని మేమంటే ససేమిరా అన్నారు. బ్యాటరీ ఒక్కరోజుకే అయిపోతుందని, రోజూ వైరు గుచ్చుకుని కూర్చునే ఓపిక ఎవరికుంటుందని ఆయన వాదన. లోకమంతా ఆ ఓపిక తెచ్చుకుంది. మేం ఫోన్ కలిపేసరికి ఆలస్యమైపోయింది. కంపెనీ చేతులు మారి, చివరికి మూతపడింది. ఆఖరి రోజు పార్కింగ్‌లో అట్టపెట్టె పట్టుకుని నిలబడి, తప్పు తనదేనని మా అందరి ముందూ ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్న మేనేజర్‌ను నేను మళ్లీ చూడలేదు. తర్వాత ఆయనా ఫోన్ కొన్నారు, మాట్లాడడానికి మాత్రమే. మిగతాదంతా పాత మెషీన్‌లోనే.

శనివారం డ్రైవ్ చేసుకుని వెళ్లాను. వంటగదిలో మిక్సీ పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఉంది అది. కొత్త బ్యాటరీలు దగ్గరగా పెట్టుకుని, లెక్కపెట్టమని అక్కను అడిగాను. ఆవిడ అచ్చం ఆయనలాగే తాపీగా మొదలుపెట్టారు. ఈసారి ఏ బ్యాటరీ జారలేదు. పదకొండు దగ్గర మూత బిగించాను. తెర వెలిగింది. అన్నీ ఉన్నాయి. నా పేరూ ఉంది, నేనెప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ ఫోన్ నంబరుతో.

టీ తాగుతుండగా అది కీచుమని మోగింది. అక్క మాత్ర మర్చిపోకుండా రోజూ ఇదే వేళకు మోగేలా ఆయన పెట్టారట. ఆవిడ లేచి, అలమరలోంచి బీపీ మాత్ర తీసి నోట్లో వేసుకుని, పుల్లతో తెర మీద మెల్లగా తాకి మోత ఆపారు.

"వేసుకున్నాను లెండి" అన్నారు దానితో.