ఫోన్‌లో రాదన్న బటన్

టీచరు పరీక్ష దరఖాస్తులో తప్పుపడ్డ నా పేరు దిద్దించుకుందామని ఈ రోజు తొర్రూరులో ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లాను.

"కరెంటు లేదక్కా, రేపు రా" అన్నాడు యజమాని.

"ఆఖరు తారీఖు ఇయ్యాల్నే అన్నా. ఫోన్ల చేసుకోనా?"

"ఫోన్ల పేరు దిద్దే బటనే రాదు. గా పని నీతోని గాదు."

ఒళ్లు మండింది. అతని మెట్ల మీదే కూర్చుని, బ్రౌజర్‌లో మూడు చుక్కలు నొక్కి, పేజీ కంప్యూటర్‌లోలా కనిపించే 'డెస్క్‌టాప్ సైట్' పెట్టాను. అక్షరాలు ఆవగింజలంత అయ్యాయి కానీ, కుడి మూలన బటన్ కనిపించింది. పేరు దిద్ది పంపేశాను. అక్కడే ఇదే పనికి ఎదురుచూస్తున్న ఇద్దరమ్మాయిలు నా పక్కన చేరారు.

"మెట్లు ఖాళీ చేయుండ్రి" అన్నాడతను.

"వీళ్లవి గూడ అయినంక లేస్తం" అన్నాను. అయ్యాకే లేచాం.

తెలిసిన కిటుకు పదిమందికీ చెప్పడం తప్పంటారా? మీరే చెప్పండి.